ఆపా చేతుల్లో చీమలు

ఆపరేషన్ అయిన రెండో రోజు మగ్రిబ్ వేళ ఆపా నన్ను మంచం దగ్గరికి పిలిచింది. గొంతు సరిగా రావడం లేదు. "ఉంగ్లియోఁ మే చ్యూఁటియాఁ చల్ రై రే" అంది. వేళ్లలో చీమలు పాకుతున్నాయట. కాసేపటికి పెదాల చుట్టూ కూడా అదే అంది. అమ్మీ వెంటనే ఆయతుల్ కుర్సీ చదివి ఊదింది. దుల్హాభాయ్ "మత్తు ఇంకా దిగలేదు, వహమ్ అంతే" అన్నాడు. జర్నలిస్టును కాబట్టి నాకూ ఒక అభిప్రాయం ఉండాలి కదా, "సెలైన్ సూది వల్ల తిమ్మిరి" అన్నాను.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మా ఎవరి మాటకూ జవాబివ్వలేదు. ఆపా చెవి ముందు, చెంప మీద వేలితో రెండుసార్లు కొట్టి చూసింది. కొట్టిన ప్రతిసారీ పైపెదవి మూల అదిరింది. రక్తం తీసి పంపించి, క్యాల్షియం ఎక్కించమని నర్సుకు చెప్పింది. ఇషా నాటికి చీమలు తగ్గిపోయాయి.

ఆ వేలి దెబ్బకు ఒక పేరుందని తర్వాత తెలిసింది. 1876లో ఖ్వోస్టెక్ అనే ఆస్ట్రియా సైనిక డాక్టరు దాన్ని రాసిపెట్టాడు. రక్తంలో క్యాల్షియం పడిపోతే నరాలు ఉలికిపాటుకు సిద్ధంగా ఉంటాయి, చిన్న దెబ్బకే కండరం ఎగురుతుంది. ఆపాది వహమ్ కాదు. ఆమె చెప్పింది చెప్పినట్టే నిజం.

అయితే ఇంట్లో అసలు గొడవ ఆ రోజుది కాదు, రెండు మూడు నెలల తర్వాతిది. ఆపాకు చలి. మే నెల పాలమూరులో, ఊరంతా కూలర్ల ముందు కూర్చున్న రోజుల్లో, ఫ్యాన్ ఆపమనేది. కాళ్లు సీసంలా బరువంటుంది. పొద్దున మొహం ఉబ్బి ఉంటుంది. దువ్వెన నిండా జుట్టు. మాట నెమ్మదైపోయింది, అడిగినదానికి జవాబు రావడానికి ఒక క్షణం ఎక్కువ పట్టేది. గొంతులోని గడ్డ పోయింది, గాయం మానింది, ఇంకేం తక్లీఫ్ అని చుట్టాలు. సుస్తీ అన్నారు. నజర్ అన్నారు. ఒక ఖాలా అయితే "పనికి బహానా" అని మొహం మీదే అంది. ఆపా ఖామోష్ అయిపోయింది. యాభై ఒక్క ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లు ఇల్లూ బడీ రెండూ లాగిన మనిషి, తన ఒంటి సంగతి తనే చెప్పుకోవడానికి సిగ్గుపడే స్థితికి వచ్చింది.

ఆ రోజుల్లోనే నేను ఈ ఆపరేషన్ తారీఖ్ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకు ఆపా మాటలే కనిపించాయి. నూట నలభై ఏళ్ల కిందట, స్విట్జర్లాండ్ కొండల్లో, వేరే భాషలో.

ముందు మన వైపు నుంచి ఒక మాట. ఉర్దూ మీడియం బడిలో మేం చదివిన పేరు గుద్దా-ఎ-దరఖియా. దరఖా అంటే అరబ్బీలో డాలు. థైరాయిడ్ అన్న యూనానీ మాటకూ అర్థం డాలే. వాట్సాప్‌లో మీకూ వచ్చి ఉంటుంది, 952లో అబుల్ ఖాసిం అల్ జహ్రావీ ప్రపంచంలో మొట్టమొదటి థైరాయిడ్ ఆపరేషన్ చేశాడని. జహ్రావీ పుట్టింది సుమారు 936లో. లెక్క మీరే వేసుకోండి, పదహారేళ్ల కుర్రాడు! ఫార్వర్డ్ పక్కన పెట్టి ఆయన కితాబ్ చూస్తే ఇంతకన్నా మంచి విషయం ఉంది. ముప్పై భాగాల అత్ తస్రీఫ్‌లో చివరి భాగం జర్రాహీ గురించి. అందులో గొంతు మీద పెరిగే పెద్ద గడ్డ గురించి, అది ఆడవాళ్లలో ఎక్కువని, ఒక బాబ్ ఉంది. పుట్టుకతో వచ్చినదానికి ఇలాజ్ లేదంటాడు. తర్వాత వచ్చినవాటిలో కొవ్వుగడ్డ లాంటిది ఒకటి, రక్తనాళం ఉబ్బినట్టుండేది ఇంకొకటి, ఈ రెండోదాని మీద కత్తి పెట్టడం ప్రమాదం అంటాడు. మెడ మీద కోసేటప్పుడు నరం తెగకుండా చూసుకోమని ఇంకోచోట హెచ్చరిస్తాడు. ఎక్కడ ఆగాలో తెలిసిన జర్రాహ్ ఆయన. నాకైతే ఆ ఫార్వర్డ్ కన్నా ఈ ఆగడంలోనే ఎక్కువ ఫఖ్ర్.

ఆ భయం వందల ఏళ్లు అలాగే ఉంది. థైరాయిడ్‌కు రక్తం చాలా ఎక్కువగా అందుతుంది, కోస్తే ఆపడం కష్టం. మత్తుమందు, క్రిములను చంపే మందులు, నాళాన్ని పట్టుకునే చిమ్టాలు, ఈ మూడూ చేతికొచ్చింది పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో. అప్పుడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ఊరిలో 1872లో ఒక ముప్పై ఏళ్ల ప్రొఫెసర్ వచ్చి కూర్చున్నాడు. పేరు థియోడోర్ కోకర్. ఆ కొండల్లో గిల్హడ్, అంటే గాయిటర్, ఇంటింటి మర్జ్. మట్టిలో, నీళ్లలో అయోడిన్ లేకపోవడమే కారణం. మన హిమాలయాల కిందా అదే కథ. 1956 నుంచి కాంగ్డా లోయలో అయోడిన్ ఉప్పు పంచి ఆ సంగతి రుజువు చేసిన డాక్టర్ రామలింగస్వామి మన శ్రీకాకుళం మనిషే. ఆయన గురించి ఇంకోసారి రాస్తాను.

కోకర్ చెయ్యి చాలా నెమ్మది, చాలా శుభ్రం. నెత్తురు చుక్క వృథా కానిచ్చేవాడు కాదు. గడ్డతో పాటు గ్రంథి మొత్తాన్ని అంచులదాకా తీసేసేవాడు. ఎందుకు ఉంచాలి? ఆ గ్రంథికి పనేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. గొంతుకు అందం కోసమనీ, మెదడుకు వెళ్లే రక్తాన్ని సమం చేయడానికనీ ఏవేవో అంచనాలు. అందుకని మరీజ్ బతికి, గాయం మానితే ఆపరేషన్ కామ్‌యాబ్. ఇంటికి పంపించేవాళ్లు. కథ ముగిసింది.

1874 జనవరిలో ఆయన పదకొండేళ్ల అమ్మాయికి ఆపరేషన్ చేశాడు. గాయం చక్కగా మానింది. కొన్నాళ్లకు ఆ అమ్మాయిని పంపిన ఊరి డాక్టరు కబురు చెప్పాడు, పిల్ల మారిపోయింది, చురుకుదనం పోయింది, మందకొడి అయింది అని. ఆ కబురు అక్కడే ఉండిపోయింది. ఒకటి కాదు రెండు కాదు, దాదాపు తొమ్మిదేళ్లు.

1882 సెప్టెంబరులో జెనీవాలో ఒక సభ జరిగింది. అక్కడ జాక్ లూయీ రెవెర్డిన్ అనే జెనీవా జర్రాహ్ కోకర్‌ను కలిశాడు. తన దగ్గర గ్రంథి మొత్తం తీసేసిన కొందరు మరీజులు నెలల తర్వాత వింతగా నీరసించిపోతున్నారని, మొహాలు ఉబ్బుతున్నాయని చెప్పి, మీ దగ్గర ఎలా ఉందని అడిగాడు. కోకర్ బెర్న్ తిరిగొచ్చి పాత రిజిస్టర్లు తీయించాడు. తను కోసిన వాళ్లందరికీ కబురు పంపాడు, ఒకసారి వచ్చి కనిపించండని.

గ్రంథి మొత్తం తీసేయించుకున్న వాళ్లలో పద్దెనిమిది మంది పరీక్షకు దొరికారు. వాళ్లలో పదహారు మంది మునుపటి మనుషులు కారు.

వాళ్లు ఏం చెప్పారో కోకర్ రాసుకున్నాడు. అలసట, ఒళ్లు బరువు. కాళ్లూ చేతుల్లో నొప్పి. చలి, ముఖ్యంగా శీతాకాలంలో చేతులు వాచి నీలం తిరగడం. ఆలోచన నెమ్మది కావడం, మాట నెమ్మది కావడం. ఉబ్బిన మొహం, ఎండిన చర్మం, రాలిన జుట్టు. ఈ వరుస చదువుతున్న రాత్రి నేను లేచి వెళ్లి ఆపా గది వైపు చూసి వచ్చాను. అదే లిస్టు. మా ఖాలా బహానా అన్న లిస్టు.

ఆ పదకొండేళ్ల అమ్మాయీ వచ్చింది. ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాలి. ఆమెకో చెల్లెలుంది. ఆపరేషన్‌కు ముందు ఇద్దరూ ఎంత ఒక్కలా ఉండేవారంటే ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేవారట. కోకర్ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టిన తస్వీరు అచ్చయింది. చెల్లెలు పూర్తిగా ఎదిగిన యువతి. అక్క మాత్రం ఆమె కన్నా చాలా పొట్టిగా, ఉబ్బిన మొహంతో, చిన్నపిల్ల ఒళ్లుతో ఆగిపోయి ఉంది. కాలం ఒకరికే నడిచినట్టు.

పద్దెనిమిదిలో బాగున్న ఆ ఇద్దరి సంగతి కూడా చూడండి. వాళ్లకు గొంతులో మళ్లీ కొంచెం గడ్డ పెరిగింది. ఆపరేషన్ లెక్క ప్రకారం వాళ్లిద్దరే నాకామ్. ఆ మిగిలిన తునకే వాళ్లను కాపాడింది.

1883 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జర్మన్ జర్రాహుల సభలో కోకర్ నిలబడి ఇదంతా చెప్పాడు. అప్పటిదాకా 101 గాయిటర్ ఆపరేషన్లు చేసిన మనిషి, తన చేతి వల్ల ఏం జరిగిందో తనే గవాహీ ఇచ్చాడు. కారణం మాత్రం తప్పు చెప్పాడు. శ్వాసనాళం దెబ్బతిని గాలి చాలకపోవడం వల్ల అనుకున్నాడు. రెవెర్డిన్‌కు ఇవ్వాల్సినంత పేరు కూడా ఇవ్వలేదు, ఎవరు ముందన్న పంచాయితీ ఆ ఇద్దరి మధ్య చాలాకాలం నడిచింది. ఇవన్నీ ఉన్నా నేను కోకర్‌ను గౌరవించేది ఒక్కదానికే, పిలిపించి అడిగినందుకు. ఇక మీదట గ్రంథి మొత్తం తీయనని తీర్మానించుకున్నాడు. ఆయన మొత్తం మీద ఐదు వేలకు పైగా థైరాయిడ్ ఆపరేషన్లు చేశాడు, చివరికి మరణాలు వందలో ఒకటి కన్నా తక్కువకు దిగాయి. 1909లో నోబెల్ ఇచ్చారు, ఒక జర్రాహ్‌కు అది దొరకడం అదే మొదటిసారి.

మరి చీమలు? ఆ సంగతి వియన్నాలో తేలింది. అక్కడ బిల్‌రోత్ అనే మహా జర్రాహ్ ఉన్నాడు. చెయ్యి వేగం. ఆయన మరీజుల్లో కోకర్ చూసిన చలి, నెమ్మది లేవు. వాళ్లకు వేళ్లు కొంకర్లు పోయేవి, ఒళ్లు బిగుసుకుపోయేది, కొందరు చనిపోయారు. తర్వాత అమెరికన్ జర్రాహ్ హాల్‌స్టెడ్ ఈ తేడాను విడమరిచి రాశాడు. ఇద్దరి ఆపరేషన్లూ కళ్లారా చూసినవాడాయన. కోకర్ నెమ్మదిగా, చుట్టూ ఉన్నదేదీ చెదరకుండా గ్రంథిని పూర్తిగా తీస్తాడు. బిల్‌రోత్ వేగంగా తీస్తాడు, థైరాయిడ్ తునకలు కొన్ని లోపల మిగులుతాయి, కానీ దాని వెనక అంటుకుని ఉన్న ఇంకేదో పోతుంది. అంటే మరీజు ఒంట్లోని తక్లీఫ్‌ను బట్టి ఏ జర్రాహ్ కోశాడో చెప్పవచ్చన్నమాట!

ఆ ఇంకేదో, నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు. ఒక్కోటి మసూర్ దాల్ గింజంత. వాటిని మొదట చూసింది మనిషిలో కాదు, మన హిందుస్తానీ ఖడ్గమృగంలో. లండన్ జూలో 1849లో చనిపోయిన ఒక ఖడ్గమృగాన్ని రిచర్డ్ ఓవెన్ కోసి చూస్తే గొంతులో పసుపుపచ్చని చిన్న ముద్ద కనిపించింది. 1880లో స్వీడన్‌లో ఇవార్ శాండ్‌స్ట్రోమ్ అనే మెడికల్ విద్యార్థి మనిషిలో వాటిని గుర్తించి రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ గుర్తింపు చూడకుండానే 1889లో పోయాడు. 1890ల్లో ఫ్రాన్స్‌లో గ్లే, ఇటలీలో వసాలే, జెనెరాలీ జంతువుల మీద చేసిన ప్రయోగాలతో ఆ గింజలు పోతేనే కొంకర్లు వస్తాయని తేలింది. 1909లో మెకాలం, ఫోగ్ట్‌లిన్ అనే ఇద్దరు క్యాల్షియం ఇస్తే అవి ఆగుతాయని చూపించారు. ఆపా మంచం పక్కన నర్సు వేలాడదీసిన ఆ సీసా వెనక ఇంత కథ ఉంది. ఆపా గింజలు పూర్తిగా పోలేదు, ఆపరేషన్ దెబ్బకు కొన్నాళ్లు సొమ్మసిల్లాయంతే. చాలామందికి ఇలాగే జరిగి వారాల్లో తేరుకుంటాయని డాక్టరమ్మ చెప్పింది.

చలి దగ్గరికి మళ్లీ వద్దాం. లండన్‌లో గల్ అనే డాక్టరు 1873లో కొందరు మధ్యవయసు ఆడవాళ్ల గురించి రాశాడు. ఏ ఆపరేషనూ లేకుండానే వాళ్లు ఉబ్బి, నెమ్మదించిపోయారు. 1878లో ఆర్డ్ ఆ మర్జ్‌కు మిక్సిడీమా అని పేరు పెట్టాడు. 1883 నవంబరులో ఫెలిక్స్ సీమన్ అనే గొంతు డాక్టరు లేచి, కోకర్ మరీజులదీ వీళ్లదీ ఒకటే మర్జ్, రెండూ థైరాయిడ్ లేకపోవడం వల్లే అన్నాడు. అక్కడున్నవాళ్లు తేలిగ్గా తీసుకున్నారు. అయినా కమిటీ వేశారు. హోర్స్లీ కోతుల్లో గ్రంథి తీసి చూశాడు. 1888లో వంద మందికి పైగా మరీజుల వివరాలతో రిపోర్టు వచ్చింది, సీమన్ మాటే నిజమని. గొంతులో పని లేకుండా ఉందనుకున్న ఆ ముద్ద ఒళ్లంతటికీ వేడినీ వేగాన్నీ ఇచ్చే పొయ్యి అని అలా తెలిసింది. హార్మోన్ అన్న మాట పుట్టడానికి ఇంకా పదిహేడేళ్లుంది.

పొయ్యి పోతే బయటినుంచి నిప్పు తేవచ్చు కదా? 1891లో న్యూకాజిల్‌లో జార్జ్ మర్రీ అనే కుర్ర డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం తీసి, మిక్సిడీమాతో ఉన్న నలభై ఆరేళ్ల ఒకామెకు చర్మం కింద సూదితో ఎక్కించాడు. కొన్ని వారాల్లో మొహం వాపు దిగింది, మాట చురుకైంది. ఆమె 1919 దాకా, ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. అందుకోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయి. మరుసటి ఏడాదే సూది అక్కర్లేదు, తినిపించినా పనిచేస్తుందని తేలింది. ఫాక్స్ అనే డాక్టరు గొర్రె గ్రంథిని కొంచెం వేయించి, సన్నగా తరిగి, పుల్లటి పండ్ల జెల్లీతో వారానికోసారి తినమన్నాడు. ఇది చదివి వినిపిస్తే ఆపా చాలా రోజుల తర్వాత నవ్వింది. "కలేజీ ఫ్రై లాగానా? జెల్లీ కైకూ రే, పుదీనా చట్నీ చాలదా?"

గోళీ విషయంలో ఇంట్లో ఇంకో చర్చ జరిగింది, అది మీ ఇంట్లోనూ జరగవచ్చు కాబట్టి రాస్తున్నాను. థైరాయిడ్ గోళీలో పంది గ్రంథి ఉంటుందని ఎవరో అమ్మీకి చెప్పారు. అబద్ధమనలేం, పాతకథ. 1914 డిసెంబరు 25న అమెరికాలో కెండల్ అసలు పదార్థాన్ని, థైరాక్సిన్‌ను, గింజలుగా విడదీశాడు. తర్వాత మూడు టన్నుల దాకా పంది గ్రంథులు వాడితే చేతికొచ్చింది 33 గ్రాములు. ఎండబెట్టిన పంది గ్రంథి పొడితో చేసిన గోళీలు కొన్ని దేశాల్లో ఇప్పటికీ ఉన్నాయి. కానీ 1926లో లండన్‌లో హారింగ్టన్ దాని నిర్మాణం కనిపెట్టి, 1927లో బార్జర్‌తో కలిసి ప్రయోగశాలలో తయారుచేశాడు. మన దగ్గర డాక్టర్లు మామూలుగా రాసే లీవోథైరాక్సిన్ ఇలా తయారైన మందే, అందులో ఏ జంతు గ్రంథీ లేదు. ఈ మాట విన్నాక అమ్మీ మనసు కుదుటపడింది.

అంత మంచి గోళీ వేసుకుంటూ కూడా ఆపాకు చలి ఎందుకు వేసింది? సంగతి చాలా చిన్నది. ఆపా పొద్దున్నే థైరాయిడ్ గోళీ, క్యాల్షియం గోళీ రెండూ కలిపి చాయ్‌తో మింగేసేది. క్యాల్షియం ఆ మందును కడుపులోనే పట్టేసుకుంటుంది, ఒంటికి అందనివ్వదు. రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. చాయ్ కూడా అరగంట, గంట ఆగాకే. మొదటి వారాల్లో ఏమీ తెలియకపోవడానికీ కారణముంది. థైరాక్సిన్ ఒంట్లో నెమ్మదిగా కరుగుతుంది, సగం పోవడానికే దాదాపు వారం పడుతుంది. గ్రంథి తీసిన రోజున మనిషి బాగానే ఉంటుంది. పాత నిల్వ అయిపోయాక చలి మొదలవుతుంది. అప్పటికి చూడ్డానికొచ్చే చుట్టాలు పళ్లు తేవడం మానేసి ఉంటారు, సలహాలు మొదలుపెట్టి ఉంటారు. కోకర్‌కు తొమ్మిదేళ్లు ఎందుకు పట్టిందో నాకు అక్కడే అర్థమైంది.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా వచ్చింది. మెదడు కింది గ్రంథి థైరాయిడ్‌ను పిలిచే పిలుపు అది. జవాబు రాకపోతే గొంతు పెంచుతుంది. డాక్టరు మోతాదు సరిచేసి, వేసుకునే వేళలు రాసిచ్చి, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష అన్నాడు. రంజాన్ వస్తే ఎలా అని ఆపా అడిగింది. సెహ్రీకి అరగంట ముందు లేచి థైరాయిడ్ గోళీ, క్యాల్షియం తరావీహ్ తర్వాత అని తనకు కుదిర్చి ఇచ్చాడు. మీరు మీ డాక్టరును అడిగి కుదుర్చుకోండి, ఆపా టైంటేబుల్ ఆపాది.

మూడో నెలకు మొహం వాపు దిగింది. జుట్టు తిరిగి వస్తోంది. నాత్ చదివేటప్పుడు పై స్వరం మాత్రం ఇంకా పూర్తిగా పట్టడం లేదు, అది గొంతు నరాల సంగతి, టైమ్ పడుతుందన్నారు. పొద్దున నాలుగున్నరకు ఆమె ఫోన్ అలారం మోగితే పక్క గదిలో నేనూ లేస్తున్నాను.

మొన్న ఆ ఖాలా వచ్చింది. కోడలికి గొంతులో గడ్డట, ఆపరేషన్ చెప్పారట. వచ్చిన దగ్గర్నుంచీ ఆపా పక్కనే కూర్చుంది. వేళ్లలో ఎప్పుడు తిమ్మిరి వచ్చింది, ఎన్ని రోజులుంది, చలి ఏ నెలలో మొదలైంది, ఏ గోళీ ఎప్పుడు, అన్నీ ఒక్కొక్కటే అడిగి, నాతో కాగితం మీద రాయించుకుంది. ఆపా అన్నిటికీ జవాబు చెప్పింది. మధ్యలో ఒకసారి ఫ్యాన్ వైపు చూసింది. ఖాలానే లేచి తగ్గించింది.